ఇరువది రూపాయల దళారి

దళారి అను మాటకు మన భాషలో మంచి పేరు లేదు. పశువుల సంతలో తువ్వాలు చాటున వ్రేళ్లు పట్టుకొని బేరము కుదుర్చువాడనియు, ధాన్యపు కొట్టువద్ద రైతునకును వర్తకునకును నడుమ నిలిచి ఇరువురివద్దను రుసుము పుచ్చుకొనువాడనియు లోకము ఆతనిని అనుమానముతోనే చూచును. అయినను దళారి లేని సంత లేదు. అమ్మువాడెవడో కొనువానికి తెలియదు. కొనువాడెవడో అమ్మువానికి తెలియదు. ఇరువురిని ఎరిగినవాడు దళారి యొక్కడే.

నేడు మన దేశములోని మిక్కిలి పెద్ద సంత ఊరి వెలుపలి తోపులో జరుగుట లేదు. ప్రతివాని చేతిలోని సెల్‌ఫోనులో జరుగుచున్నది. షేర్లను కాగితముల రూపమున గాక లెక్కల రూపమున దాచుకొను డీమ్యాట్ ఖాతాలు 2020 మార్చి నాటికి దేశమంతటను సుమారు 4 కోట్లు. 2025 లో అవి 20 కోట్లు దాటినవి. ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలు ఉండవచ్చును గనుక ఇది మనుష్యుల లెక్క కాదు. అయినను ఐదారేండ్లలో ఐదింతలగుట సామాన్యమైన మార్పు కాదు. కళాశాల వసతిగృహములోని విద్యార్థియు, పల్లెలోని బడిపంతులును నేడు ఈ సంతలో అడుగుపెట్టుచున్నారు.

ఈ మార్పుతో విడదీయరాని పేరొకటి కలదు. అది శ్రీ నితిన్ కామత్ గారి పేరు. బెంగుళూరునందలి జెరోధా అను షేరుదళారీ సంస్థకు ఆయన స్థాపకుడు, ముఖ్య కార్యనిర్వహణాధికారి. ఆయన కోటీశ్వరుడైన కారణమున ఆ జీవితమును పరిశీలింపవలెనని మేము చెప్పము; కోటీశ్వరులకు మన దేశమున కొదువ లేదు. ఆయన జీవితము మన ముందుంచు ప్రశ్న వేరు. దళారి నిజాయితీపరుడైనంత మాత్రమున కొనువానికి మేలు కలుగునా? ఈ ప్రశ్నకు సమాధానము ఆయన సంస్థ నడిచిన తీరులోనే ఉన్నది.

శివమొగ్గనుండి బెంగుళూరునకు

కామత్ గారు 1979 లో కర్ణాటకలోని శివమొగ్గలో జన్మించిరి. తండ్రి కెనరా బ్యాంకు ఉద్యోగి. తల్లి వీణ నేర్పు విదుషి. బ్యాంకు బదిలీలతో ఊరూరు తిరిగిన మధ్యతరగతి కుటుంబము చివరకు బెంగుళూరున స్థిరపడెను. పదునేడేండ్ల ప్రాయమున స్నేహితుల వలన ఆయనకు షేర్ల వ్యాపారము పరిచయమయ్యెను. ఇంజనీరింగు చదువు సాగుచునే ఉండెను గాని మనస్సు మాత్రము ధరల హెచ్చుతగ్గుల పైననే నిలిచెను.

అనతికాలములోనే ఆయన చేతి సొమ్మును పోగొట్టుకొనిరి. అప్పు తీర్చుకొనుటకై కాల్ సెంటరులో రాత్రి ఉద్యోగమున చేరిరి. రాత్రియెల్ల ఉద్యోగము, పగలెల్ల వ్యాపారము. ఇట్లు కొన్ని సంవత్సరములు గడచెను. పిమ్మట ఇతరుల సొమ్మును నిర్వహించుట మొదలుపెట్టి, ఒక పెద్ద సంస్థకు ఉపదళారిగా పనిచేసిరి. అనగా 2010 నాటికి ఆయన ఈ సంతను కొనువాని వైపునుండియు, దళారి వైపునుండియు చూచియుండిరి. నష్టపోవుట ఎట్లుండునో పుస్తకము వలన గాక చేతి సొమ్ము వలన నేర్చుకొనిరి. తరువాతి కథను అర్థము చేసికొనుటకు ఈ సంగతి ముఖ్యము.

ఒక చిన్న లెక్క

2010 ఆగస్టు 15 న జెరోధా ప్రారంభమయ్యెను. ఆంగ్లమునందలి 'జీరో', సంస్కృతమునందలి 'రోధ' అను రెండు మాటలను కలిపి ఆ పేరు పెట్టిరి. అడ్డంకి లేనిదని భావము. అన్నదమ్ములిద్దరు, శ్రీ నితిన్, శ్రీ నిఖిల్ కామత్‌లు, ఈ పనికి పూనుకొనిరి. బయటివారి పెట్టుబడి లేదు. తరువాతి కాలమునను వారు బయటి పెట్టుబడిని స్వీకరింపలేదు.

అప్పటి దళారులలో పెక్కురు బేరము విలువనుబట్టి నూటికింతయని కమీషను తీసికొనుచుండిరి. నూటికి అర్ధరూపాయి యనుకొన్నచో లక్ష రూపాయల షేర్లు కొనినవాడు 500 రూపాయలు చెల్లింపవలెను. కామత్ గారు వేసిన ప్రశ్న సూటియైనది. లక్ష రూపాయల బేరమునకును, పది లక్షల రూపాయల బేరమునకును దళారి చేయు శ్రమ ఒక్కటే గదా, అటువంటప్పుడు కూలి మాత్రము పదింతలేల? ఈ ప్రశ్నకు జవాబుగా ఆయన బేరమెంత పెద్దదైనను 20 రూపాయలకు మించకుండ రుసుము నిర్ణయించిరి. 2015 డిసెంబరులో మరియొక అడుగు ముందుకు వేసిరి. షేర్లు కొని ఖాతాలో నిలుపుకొనువారినుండి దళారీ రుసుము బొత్తిగా తీసికొనమని ప్రకటించిరి.

ఫలితము విస్మయకరము. 2019 నాటికి జెరోధా, బ్యాంకుల అండగల పాత సంస్థలను మించి, క్రియాశీల ఖాతాదారుల సంఖ్యలో దేశమునకే మొదటి స్థానమున నిలిచెను. 2023 లో గ్రో అను మరియొక సంస్థ ఆ స్థానమును కైవసము చేసికొన్నను, లాభములలో జెరోధా వెనుకబడలేదు. 2023-24 ఆర్థిక సంవత్సరమున సంస్థ ఆదాయము 8,320 కోట్ల రూపాయలు. లాభము 4,700 కోట్లు. దళారీకి రుసుమే లేదన్న సంస్థకు ఇంత లాభము ఎట్లు వచ్చెను? పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను.

లాభము వచ్చిన దారి

కొని నిలుపుకొనువాడు రుసుము చెల్లింపడు. కావున రాబడి వచ్చినది అతనినుండి కాదు. అది ముఖ్యముగా ఫ్యూచర్లు, ఆప్షన్లు అను వాయిదా బేరములు చేయువారినుండి వచ్చినది. ఆప్షన్ అనగా నేమో తెలియని విద్యార్థులకొరకు ఒక ఉదాహరణము చెప్పుదుము.

గుంటూరు యార్డులో మిర్చి ధర క్వింటాలునకు 15,000 రూపాయలు అనుకొందము. ధర పెరుగునని నమ్మిన యొకడు సరుకు కొనడు. అమ్మువానికి 300 రూపాయలు బయానా ఇచ్చి, "నెల లోపల నేను కోరినచో 15,000 రూపాయలకే నాకీయవలెను" అని ఒప్పందము చేసికొనును. ధర 16,000 అయినచో, బయానా పోగా అతనికి 700 రూపాయలు మిగులును. పెరుగకున్నచో బయానా పోవును. 300 రూపాయలతో 700 సంపాదించు అవకాశము గదా! ఆ ఆకర్షణ యంతయు ఇచ్చటనే ఉన్నది. ఇట్టి ఒప్పందములు మొదట పుట్టినది ధర పడిపోవునని భయపడు రైతునకు, ధర పెరుగునని భయపడు మిల్లుదారునకు రక్షణ కలిగించుటకే. అందు దోషము లేదు. కాని గడువు నెలనుండి వారమునకు, వారమునుండి ఒక్క దినమునకు కుదించుకొని పోయినప్పుడు, రక్షణకొరకు పుట్టిన ఒప్పందము జూదమునకు దగ్గరగును. మన దేశములో 2016 లో బ్యాంకు షేర్ల సూచికపై వారపు గడువుగల ఆప్షన్లు వచ్చినవి. 2023 నాటికి ఏదో యొక సూచికకు ప్రతి పనిదినమునను గడువు తీరు స్థితి ఏర్పడినది.

ఇట్టి బేరములలో ఓపికకు చోటు లేదు. ఉదయము కొనినది మధ్యాహ్నము అమ్మవలెను. అమ్మినదానిని మరల కొనవలెను. దినమునకు పది ఉత్తరువులు వేయువాడు, ఉత్తరువునకు 20 రూపాయల వంతున 200 చెల్లించును. నెలకు 20 పనిదినములు వేసికొన్నను 4,000 రూపాయలు. పన్నులు, ఎక్స్ఛేంజి రుసుములు వేరు. ఏడాదికొకసారి పది షేర్లు కొని పెట్టెలో పెట్టుకొనువానినుండి వచ్చు దళారీ రుసుము సున్న. ఈ రెండు అంకెలను పక్కపక్కన వ్రాసి చూచినచో వ్యాపార రహస్యము తేటపడును. ఓపిక గలవాని ఖర్చును ఓపిక లేనివాడు భరించుచున్నాడు. ఇది కామత్ గారి సంస్థకు మాత్రమే చెల్లు మాట కాదు. చౌకదళారుల వ్యాపారమంతయు ఈ పునాదిపైననే నిలిచియున్నది.

సెబీ తేల్చిన లెక్కలు

ఆ ఓపిక లేనివాడు ఎవడు? షేరుబజారులను నియంత్రించు సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనము ఈ ప్రశ్నకు జవాబు చెప్పినది. 2021-22 మొదలు 2023-24 వరకు మూడు సంవత్సరములలో ఫ్యూచర్లు, ఆప్షన్ల బేరములు చేసిన వ్యక్తులు కోటికి పైగా ఉండిరి. వారిలో నూటికి 93 మంది నష్టపోయిరి. సగటు నష్టము, ఖర్చులతో కలిపి, మనిషికి సుమారు 2 లక్షల రూపాయలు. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్లకు మించినది. ఖర్చులన్నియు పోగా లక్ష రూపాయలకు మించి లాభించినవారు నూటికి ఒక్కరు.

ఉపాధ్యాయులు గమనింపవలసిన అంకెలు మరికొన్ని కలవు. ఈ బేరములు చేయువారిలో ముప్పది యేండ్ల లోపువారు 2022-23 లో నూటికి 31 మంది కాగా, ఒక్క ఏడాదిలో 43 మంది అయిరి. నూటికి 75 మందికి పైగా తమ వార్షికాదాయము 5 లక్షల లోపేయని తెలిపినవారు. నూటికి 72 మంది దేశములోని 30 పెద్ద నగరములకు వెలుపలివారు. అనగా వీరు బొంబాయి ధనికులు కారు. మన జిల్లా కేంద్రములలోను, మండల కేంద్రములలోను ఉండు యువకులు. నష్టపోయినవారిలో ముప్పాతికమందికి పైగా మానక మరల ఆడుచునే ఉండిరని కూడ ఆ అధ్యయనము చెప్పినది.

పోయిన సొమ్ము ఎవరికి చేరినది? 2023-24 లో సొంత సొమ్ముతో వ్యాపారముచేయు పెద్ద సంస్థలకు సుమారు 33,000 కోట్లు, విదేశీ మదుపుదారులకు సుమారు 28,000 కోట్లు స్థూలలాభము వచ్చినది. అందులో అత్యధిక భాగము కంప్యూటరు సూత్రములతో, రెప్పపాటులో బేరములు చేసి సంపాదించినదే. సెల్‌ఫోను చేతబట్టిన యువకునకు ఎదుట కూర్చున్నది మరియొక యువకుడు కాడు, అలుపులేని యంత్రము. ఇక బేరముల ఖర్చు క్రింద ఆ మూడేండ్లలో వ్యక్తులు చెల్లించిన సుమారు 50,000 కోట్లలో సగము దళారులకు చేరినది.

సత్యము పలుకు దళారి

ఇచ్చట కామత్ గారికి న్యాయము చేయవలెను. దళారి మొదటి ధర్మము ఖాతాదారుని సొత్తును ముట్టకుండుట. ఆ ధర్మము తప్పినచో నేమగునో తెలుగువారికి చెప్పనక్కరలేదు. హైదరాబాదు కేంద్రముగా గల కార్వీ సంస్థ, ఖాతాదారుల షేర్లను తన అప్పులకు తాకట్టు పెట్టినదని 2019 నవంబరులో సెబీ చర్య తీసికొన్నది. 2023 లో ఆ సంస్థను ఏడేండ్లపాటు బజారునుండి బహిష్కరించినది. కామత్ గారి సంస్థపై అట్టి మచ్చ లేదు.

అంతకు మించి, ఆయన సత్యమును దాచలేదు. బేరములు చేయువారిలో చాలమంది నష్టపోవుదురని ఆయనయే అనేక పర్యాయములు బహిరంగముగా చెప్పిరి. షేర్లను గురించి తెలియనివారికొరకు 'వర్సిటీ' అను పేర పాఠములు సిద్ధము చేయించి, వానిని ఉచితముగా అందరకు అందుబాటున ఉంచిరి. తన్ను తాను నిగ్రహించుకొనజాలని ఖాతాదారుడు తన బేరములను తానే కొంతకాలము నిలిపివేసికొను ఏర్పాటు కల్పించిరి. 2024 ఆరంభమున తనకు స్వల్పముగా పక్షవాతము సోకినప్పుడు కూడ ఆ సంగతిని, దానికి తనకు తోచిన కారణములను దాచక చెప్పిరి. దాపరికము లేకుండుట ఆయన స్వభావమని తోచును.

అయినను ప్రశ్న మిగిలియే యున్నది. "ఈ బావిలో పడినవారు నూటికి తొంబదిమంది మునిగిరి" అని బోర్డు వ్రాసిపెట్టిన బావి యజమాని, బావిలో దిగువారినుండి దిగినప్పుడెల్ల 20 రూపాయలు పుచ్చుకొనుచున్నచో, ఆ బోర్డుకెంత బలముండును? బోర్డు అబద్ధము కాదు. దానిని వ్రాసినవాడు అబద్ధీకుడు కాడు. కాని యజమాని జీవనము దిగువారి సంఖ్యపైననే నడుచుచున్నది.

2024 లో ఈ సత్యము స్వయముగా బయటపడినది. బేరముల పరిమాణము పెరిగిన కొలది ఎక్స్ఛేంజీలు దళారులకు తగ్గింపు లిచ్చు పద్ధతిని సెబీ ఆ జూలైలో రద్దుచేసి, అక్టోబరు 1 నుండి అమలుపరచినది. దీనివలన తమ ఆదాయములో పదవవంతు పోవుననియు, షేర్లు నిలుపుకొనువారికి రుసుము లేదన్న పద్ధతిని విడువవలసి రావచ్చుననియు, లేక వాయిదా బేరముల రుసుమును పెంచవలసి రావచ్చుననియు కామత్ గారు అప్పుడు తెలిపిరి. చివరకు ఉచితపద్ధతిని మార్చలేదు. కాని ఆ మాటలలో మనకు కావలసిన సాక్ష్యము దొరికినది. జూదము తగ్గినచో ఉచితము నిలుచుట కష్టము. ఉచితము అని మనము పిలిచినదానికి వెల ఉన్నది. ఆ వెలను చెల్లించువాడు వేరొకడు.

పాత కాలపు మరియొక దళారి

దళారి జీవనమును ఖాతాదారుని మేలుతో ముడిపెట్టు ప్రయత్నము లోకములో జరుగకపోలేదు. అమెరికాలో చార్లెస్ మెరిల్ అను ఆయన 1929 నాటి పతనమునకు ముందే అప్పులు చేసి షేర్లు కొనవద్దని తన ఖాతాదారులను హెచ్చరించెను. 1940 లో ఆయన తన సంస్థను పునఃప్రారంభించినప్పుడు, దళారీ ఉద్యోగులకు కమీషనుకు బదులు జీతమిచ్చు పద్ధతి పెట్టెను. ఉద్యోగి తన కూలికొరకు ఖాతాదారునిచేత అనవసరపు బేరములు చేయింపరాదని దాని భావము. 1948 లో షేర్లనగానేమో సామాన్యులకు తెలియజేయుచు పత్రికలో పుట నిండ ప్రకటన వేయించెను. మెరిల్ 1956 లో మరణించెను. ఆయన కుమారుడు జేమ్స్ మెరిల్ ఆంగ్లకవిగా కీర్తిగాంచెను. తండ్రి పెట్టిన జీతపు పద్ధతి మాత్రము ఆ సంస్థలో శాశ్వతముగా నిలువలేదు. తరువాతివారు మరల కమీషను బాట పట్టిరి. మంచివాని సంకల్పము ఆయనతో పోవును. ఏర్పాటు చట్టములో నిలిచినచో మాత్రమే మిగులును.

కావుననే భారమును కామత్ గారి యొక్కరిపై మోపుట సరికాదు. వారపు గడువులను పెట్టినవి ఎక్స్ఛేంజీలు. ప్రతి బేరముపైనను పన్ను పుచ్చుకొనునది ప్రభుత్వము. 2024 అక్టోబరునుండి ఆ పన్నును పెంచినది కూడ. ఈ బండికి చక్రములు అనేకము. సెబీ సయితము ఆలస్యముగానైనను మేల్కొన్నది. 2024 నవంబరునుండి ఒప్పందపు కనీస విలువను 15 లక్షల రూపాయలకు పెంచి, వారపు గడువులను ఎక్స్ఛేంజికొక సూచికకు మాత్రమే పరిమితము చేసినది. అయినను 2024-25 లో నూటికి 91 మంది నష్టపోయిరని, మొత్తము నష్టము అంతకు ముందటి ఏడాది 74,812 కోట్లు కాగా 1,05,603 కోట్లకు పెరిగినదని 2025 జూలైలో అదే సంస్థ ప్రకటించినది. ఔషధము పనిచేయుటకు ఇంకను కాలము పట్టునో, మోతాదు చాలదో విజ్ఞులు తేల్చవలెను.

తరగతి గదిలో అడుగవలసిన ప్రశ్న

షేర్లు కొనుట పాపము కాదు. దేశములో మంచి పరిశ్రమలు పెరుగుచున్నప్పుడు, సామాన్యుడు తన మిగులు సొమ్ములో కొంత వానిలో ఉంచి, ఏండ్ల తరబడి ఓపికపట్టుట వివేకమే. అట్టివానికి దళారీ ఖర్చును తగ్గించిన మేలు కామత్ గారిది, దానిని మరువరాదు. కాని అదే చౌకదనము, అదే సులువు, ఓపిక లేనివానికి బావి మెట్లను నునుపు చేసినది. పూర్వము దళారికి ఫోను చేసి, కమీషను లెక్కవేసి, రెండుమార్లు ఆలోచించి బేరము చేయువాడు, నేడు వ్రేలికొసతో ఒక్క తాకునకు చేయుచున్నాడు. అడ్డంకి లేకుండుట ఒకనికి వరము; మరియొకనికి శాపము.

కామత్ గారి జీవితమును విద్యార్థులకు చెప్పు ఉపాధ్యాయుడు, రాత్రి ఉద్యోగము చేసిన యువకుడు పెద్ద సంస్థను కట్టిన కథను తప్పక చెప్పవలెను. ఆ పట్టుదల ఆదర్శప్రాయము. కాని కథ నక్కడ ముగింపరాదు. ఆ యువకుడు ధనవంతుడైనది తాను చేసిన బేరముల వలన కాదు, ఇతరుల బేరములపై పుచ్చుకొనిన రుసుము వలన. ఈ భేదమును నల్లబల్లపై వ్రాసి చూపవలెను. ఆయన నడిచిన దారి వేరు. ఆయన ఖాతాదారుడు నడుచు దారి వేరు. మొదటిదానిని చూచి రెండవదానిలో అడుగుపెట్టువారే నూటికి తొంబదియొక్కరు.

పిల్లలకు లెక్కలు నేర్పునప్పుడు కూడికలు, తీసివేతలతో పాటు ఒక ప్రశ్న వేయుటను కూడ నేర్పవలెను. ఎవడైనను సలహా చెప్పునపుడు, సేవ చేయునపుడు, ఉచితమని పిలుచునపుడు, "ఈతని కూలి ఎవరు చెల్లించుచున్నారు? ఎప్పుడు చెల్లించుచున్నారు?" అని అడుగుట. దళారి మంచివాడగునా, చెడ్డవాడగునా యనుట తరువాతి మాట. పశువుల సంతకు పోవు మన తాతలకు తువ్వాలు క్రింద ఏ వ్రేలికెంత విలువయో తెలియును. సెల్‌ఫోను సంతకు పోవు మనుమలకు ఆ తెలివి ఇంకను రావలసియున్నది.